ముందు తగిలిన కర్ర

కర్ర జారిందని ఒక్క మాట అంటే చాలన్నాడు ఉమ్దా.

ఊరి పెద్ద ఆయన. ఇచ్చిన టీని అడుగున పంచదార దాకా చప్పరించి, గ్లాసు చాప మీద బోర్లించి, అప్పుడు తీశాడు అసలు సంగతి. "చెమట చేతులు. ఎండ. డోలు హోరు. కర్ర జారింది. అంతేగా ఖినావీ? శుక్రవారం నమాజయ్యాక అందరి ముందూ ఖురాన్ మీద చెయ్యేసి ఆ ముక్క అనెయ్. నీ చేతిలో శవానికి చుట్టే కఫన్ గుడ్డ షాజ్లీ వాళ్ళు అందుకుంటారు. గొర్రె తెగుద్ది. మీ అన్న శవానికి వాళ్ళ శవం సరి. ఇన్నేళ్ళకి నేనూ కాస్త కంటినిండా నిద్రపోతా."

"జారకపోతే?" అన్నాడు ఖినావీ.

ఉమ్దా అతని వంక చూడలేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ బద్రీని చూశాడు. ఖినావీకి చిన్నాన్న కొడుకు బద్రీ. "మీవాడికి జ్వరమేమన్నా తగిలిందా?"

"అదేం లేదు ఉమ్దా. నిద్ర చాలక." బద్రీ నవ్వాడు. "జారింది. ఊరంతా చూసింది."

ఊరంతా అక్కడ ఉన్న మాట నిజమే. చూసింది మాత్రం దుమ్మునే.

జాద్ వాళ్ళకీ షాజ్లీ వాళ్ళకీ మధ్య రక్తం పడి ఏళ్ళు దాటిపోయాయి. చెరుకు మడికి నీళ్ళ వంతు దగ్గర మాటా మాటా పెరిగి, షాజ్లీల పెద్ద హాజీ వహ్దాన్ కొడుకు తుపాకీ పేల్చాడు. ఖినావీ అన్న హాషిమ్ పంటకాలవలో బోర్లా పడిపోయాడు. పేల్చినవాడు జైల్లో జబ్బు చేసి పోయాడు గానీ, జైలు చావు లెక్కలోకి రాదు. అది ప్రభుత్వం తీసుకున్న ప్రాణం, జాద్ వాళ్ళు తీసుకున్నది కాదు. హాషిమ్‌ని పాతిపెట్టిన రోజు జాద్ వాళ్ళు పరామర్శ పందిరి వెయ్యలేదు, ఆ తర్వాతా వెయ్యలేదు. చెయ్యి కలపడానికి వచ్చినవాళ్ళని గుమ్మంలోంచే తిప్పి పంపారు. మా వైపు అంతే. రక్తానికి రక్తం వచ్చేదాకా చచ్చినవాడు పూర్తిగా చచ్చినట్టు కాదు, బతికినవాళ్ళు పూర్తిగా బతికినట్టూ కాదు.

ఆ రక్తం చంపినవాడిదే కానక్కర్లేదు. అవతలి ఇంట్లో మేలిమి మగాణ్ణి ఎంచుకుంటారు. ఎవడు పోతే ఆ ఇల్లు నడుం విరిగి కూలబడుతుందో వాణ్ణి. షాజ్లీ ఇంట అలాంటివాడు రిద్వాన్, హాజీ వహ్దాన్ తమ్ముడి కొడుకు. హాషిమ్‌ని వాడేం చెయ్యలేదు. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. తగాదా రోజున ఊళ్ళోనే లేడు. మంచివాడని పేరు తెచ్చుకోవడమే వాడు చేసిన నేరం.

చంపాల్సింది ఖినావీ. చచ్చినవాడి సొంత తమ్ముడు మరి. పైగా చంపడం వచ్చినవాడు.

ఫౌజు సరిహద్దు కాలవ దాటిన యుద్ధంలో ఖినావీ సిపాయి. ఇసకలో గొయ్యి తీసుకుని, భుజాన రాకెట్ గొట్టం పెట్టుకుని ట్యాంకుల కోసం కాచుకోవడం అతని పని. ఒకదాన్ని కొట్టాడు. పైమూత తెరుచుకుని ఒకడు బయటికి వచ్చాడు. ఒళ్ళంతా పొగ. చేతులు పైకెత్తాడు. లొంగిపోవడానికి ఎత్తాడో, అంటుకున్న చొక్కా లాక్కోవడానికి ఎత్తాడో. ఖినావీ పక్కనున్న తుపాకీ అందుకుని కాల్చాడు. "అంత పొగలో నీకేం తెలుస్తుందిరా" అన్నాడు ఆఫీసరు, అడక్కుండానే. ఆ మాట ఖినావీకి దుప్పటిలా పనికొచ్చింది. చాలా ఏళ్ళు కప్పుకున్నాడు. పతకం ఇచ్చారు. తల్లి దాన్ని అద్దాల చట్రంలో బిగించి గోడకి తగిలించింది. ఊళ్ళో ఎవరడిగినా ట్యాంకు సంగతి చెప్పేవాడు. చేతుల సంగతి చెప్పేవాడు కాదు.

"పేరు తెలీనోణ్ణి, మొహం తెలీనోణ్ణి, నిన్నేమీ అననోణ్ణి కాల్చావు. దానికి పతకం తెచ్చుకున్నావు. సొంత అన్న రక్తం దగ్గరికొచ్చేసరికి చేతులు రావట్లేదా నీకు?" అనేవాడు బద్రీ. ఏడాది పొడుగునా, పెళ్ళిలో, చావులో, టీ కొట్టు దగ్గర. అనీ అనీ చివరికి తనే తుపాకీ తెచ్చి చేతిలో పెట్టాడు.

ఊరి దర్గా ఉర్సుకి కొద్దిరోజుల ముందు ఖినావీ చెరుకులో పడుకున్నాడు. రిద్వాన్ పొద్దు వాలే వేళకి గాడిద మీద పచ్చగడ్డి మోపు వేసుకుని ఆ గట్టునే వస్తాడని అందరికీ తెలుసు. వచ్చాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, కాళ్ళు వేలాడేసుకుని, గాడిదతో ఏదో కబుర్లు చెప్పుకుంటూ వచ్చాడు. గుండె సరిగ్గా గురిలోకొచ్చింది. ఖినావీ వేలు బిగుసుకుంది. బిగుసుకున్న వేలు అలాగే ఉంది. గాడిద వెళ్ళిపోయింది. జాలి అనుకున్నాడా అంటే అదీ కాదు. ఎందుకు కాల్చలేదో అతనికి అప్పుడు తెలియలేదు.

వెనక వరసలో చెరుకు కదిలింది. బద్రీ లేచి, బట్టలకంటిన ఆకులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

తెల్లారేసరికి ఖినావీ ఇంటి గడియకి ఆడవాళ్ళ తలగుడ్డ వేలాడుతోంది. నల్లది. పీటముడి వేసి కట్టారు. ముందు చూసింది తల్లి. విప్పలేదు. ఖినావీ బయటికొస్తే దాని వంక చూపించి, "నీదేగా. కట్టుకో. ఎండగా ఉంది," అంది.

ఆ తలగుడ్డని అతను విప్పి పొయ్యిలో వేశాడు. ఏం లాభం? పది మంది చూశారు.

ఊరి పీరు సీదీ బుర్హాన్ ఉర్సు రోజు ఊళ్ళో తుపాకీ కనపడకూడదు. అన్నీ ఉమ్దా ఇంటి గోడకి చేరతాయి. రక్తం ఉన్న ఇళ్ళవాళ్ళు కూడా ఆ ఒక్కరోజు ఒకే వీధిలో నడవొచ్చు, ఒకే పళ్ళెంలో చెయ్యి పెట్టొచ్చు, ఒకే గిరిలో కర్రసాము చెయ్యొచ్చు. సీదీ నీడలో ఎవరూ ఎవరికీ బాకీ కాదు.

కర్రసాము మా వైపు యుద్ధం లాంటిదే గానీ యుద్ధం కాదు. ఇద్దరు మగాళ్ళు గిరిలోకొస్తారు. కర్ర చివర నేలకి ఆనించి తలలు వంచి సలాం చెప్పుకుంటారు. సన్నాయి, డోలు మొదలవుతాయి. తిరుగుతారు, కాస్తారు, తోస్తారు. చివరికి ఒకడి కర్ర రెండోవాడి తలని తాకుతుంది. తాకుతుందంతే. పగలగొట్టగలిగిన కర్రని వెంట్రుక మీద ఆపినవాడిదే గెలుపు. తగిలిన మరుక్షణం గెలిచినవాడి ఇంటి ఆడవాళ్ళు మేడ మీద నించి నాలుకలాడిస్తూ జగ్రూదా ఎత్తుకుంటారు. ఆ కేక మూడు పొలాల అవతలికి వినపడుతుంది. గెలిచినవాడు కర్ర దించి, ఓడినవాడికి తల వంచి మళ్ళీ సలాం చెబుతాడు. ఆట అయిపోతుంది. దెబ్బ తగిలి నెత్తురు వచ్చిందంటే కొట్టినవాడికి సిగ్గు. వాడి చెయ్యి వాడి మాట వినలేదన్నమాట.

రిద్వాన్‌కీ ఖినావీకీ ఈ విద్య నేర్పింది ఒక్కడే, దర్దీర్ తాత. చిన్నప్పుడు ఇద్దరూ ఆయన గొడ్ల పాకలో ఒకే గోధుమ రొట్టె తుంచుకు తిని ఒకరినొకరు తోముకున్నవాళ్ళు. హాషిమ్ పోయిన తరువాత ఇద్దరి కర్రలూ కలవలేదు.

ఆ రోజు రిద్వానే పిలిచాడు. గిరి మధ్యకొచ్చి కర్ర నేలకి ఆనించి, "ఏరా ఖినావీ, ఇంకా గుర్తుందా, లేక ఫౌజులో మర్చిపోయావా?" అన్నాడు, నవ్వుతూ.

జనంలోంచి బద్రీ గొంతు: "తలగుడ్డ సర్దుకుని వెళ్ళు అన్నా, జారుద్ది!" చుట్టూ నవ్వారు. రిద్వాన్ నవ్వలేదు.

ఖినావీ వెళ్ళాడు. సలాం చెప్పాడు. చంపాలని వెళ్ళలేదు. ఆ మాట తర్వాత వెయ్యిసార్లు తనకి తనే చెప్పుకున్నాడు. నిజమే కావచ్చు. అంతమాత్రాన ఒరిగిందేమీ లేదు.

చాలాసేపు తిరిగారు. గొడ్లపాక రోజులు కర్రల్లోకి మళ్ళీ వచ్చాయి. ఒకడి ఎత్తు ఇంకొకడికి ముందే తెలుసు. చుట్టూ మూగిన జనం కాళ్ళ కింద దుమ్ము రేగి నడుం ఎత్తు లేచింది, భుజాలు దాటింది. సన్నాయివాడు బుగ్గలుబ్బించి ఊదుతున్నాడు. అప్పుడు ఖినావీ ఎడం భుజం ఒక్క లిప్త ఆలస్యమైంది. రిద్వాన్ కర్ర వచ్చి అతని తలపాగా మీద ఆగింది. వాలిన పిచ్చుక అంత బరువు కూడా లేదు.

రిద్వాన్ దగ్గరికొచ్చాడు. డోలు హోరులో ఖినావీకి మాత్రమే వినపడేలా చెవిలో అన్నాడు: "మొన్న చెరుకులో నీ తుపాకీ గొట్టం చూశానురా. కాల్చలేదు నువ్వు. దేవుడు నీకు మేలు చెయ్యాలి."

అని, అడుగు వెనక్కి వేసి, కర్ర చివర నేలకి ఆనించి, తల వంచాడు. సలాం.

చూశాడన్నమాట. గురి పెట్టిన గొట్టాన్ని చూసి కూడా, కాళ్ళు వేలాడేసుకుని, గాడిదతో కబుర్లు ఆపకుండా వెళ్ళాడన్నమాట. పైగా కృతజ్ఞత చెబుతున్నాడు. ఊరంతా పిరికితనం అన్నదానికి వాడొక్కడు మేలు అని పేరు పెట్టాడు. ఖినావీకి ఒంట్లో నెత్తురంతా మొహంలోకి ఎక్కింది. తల్లి అన్నప్పుడు, బద్రీ అన్నప్పుడు, గడియకి తలగుడ్డ చూసినప్పుడు కూడా అంత సిగ్గు వెయ్యలేదు.

కర్ర లేచింది. దిగింది. ఆగలేదు.

సన్నాయి ఇంకాసేపు మోగుతూనే ఉంది. ఊదేవాడికి తెలీలేదు పాపం. ఎదురు మేడ మీద రిద్వాన్ పెళ్ళాం నజియ్యా జగ్రూదా కోసం నోరు తెరిచింది. మొగుడి కర్ర తగిలినట్టే అనిపించిందామెకి. కానీ దుమ్ములో సరిగ్గా కనపడక ఆగింది. దుమ్ము దిగాక చూస్తే మొగుడు నేల మీద ఉన్నాడు. తెరిచిన నోట్లోంచి ఇంకేదో కేక వచ్చింది.

పట్నం నించి పోలీసులొచ్చారు. రెండిళ్ళవాళ్ళూ జారిందనే చెప్పారు. మామూలుగా ఒకరు తూర్పంటే ఇంకొకరు పడమరనే ఇళ్ళు. ఆ ఒక్కసారి ఒకే మాట మీద నిలబడ్డారు. ఎందుకంటే నిజం రెండిళ్ళకీ పనికిరాదు. సీదీ ఉర్సు రోజున, సలాం చెప్పి తల వంచినవాణ్ణి కొట్టాడని తేలితే, అది ఒక శవంతో పోయే రక్తం కాదు. షాజ్లీలు నలుగురిని లేపాలి. జాద్ వాళ్ళు మళ్ళీ నలుగురిని లేపాలి. చెరుకంతా నెత్తురే పారాలి. అదే జారిందంటే, దేవుడి లెక్క. రెండిళ్ళకీ చెరొక శవం, చెల్లుకి చెల్లు.

కానీ జారిందన్న అబద్ధం ఊరికే కూచోలేదు, పిల్లల్ని పెట్టింది. వారం తిరక్కుండానే బద్రీ బాపతు కుర్రకారు పాట కట్టారు: షాజ్లీల పులికి తలకాయ కాచుకోవడం కూడా రాలేదని. జారిన కర్రకే పగిలిన తల అదేం తల అని. పెళ్ళి ఊరేగింపుల్లో పాడుతున్నారు. రిద్వాన్‌ని గిరిలో ఓడించినవాడు ఆ జిల్లాలోనే లేడు. ఇప్పుడు చచ్చి ఓడిపోయాడు.

ఉమ్దా వచ్చి వెళ్ళిన మర్నాడు దర్దీర్ తాత వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం బయట కర్ర మీద గడ్డం ఆనించుకుని నిలబడ్డాడు. ఆ రోజు గిరి లోపల తీర్పరి ఆయనే. రెండు చేతుల దూరంలో ఉన్నాడు. దుమ్ము ఆయనకి అడ్డం రాలేదు.

"రిద్వాన్ పెళ్ళాం నా దగ్గరికొచ్చింది," అన్నాడు. "కోపంగా రాలేదు. ఏడవలేదు. ఒకటే అడిగింది. ముందు ఎవరి కర్ర తగిలింది తాతా, అని."

ఖినావీ తల దించుకున్నాడు.

"నేను చెప్పలేదురా. చెప్పకుండా నీ దగ్గరికొచ్చా. ముసలి ముండాకొడుకుని, భయం నాకు. నేను చెబితే రేపొద్దున రెండు వీధుల్లోనూ శవాలు లేస్తాయి. అవి నా మెడకి చుట్టుకుంటాయి. చెప్పకపోతే వాడు నా కలలోకొస్తున్నాడు, కర్ర దించి."

"నన్నేం చెయ్యమంటావు తాతా?"

"నన్నడుగుతావేంట్రా! కొట్టినప్పుడు అడిగావా?" తాత గొంతు లేచి, వెంటనే దిగిపోయింది. "ఒరే, ఫౌజులో నువ్వు ఎంతమందిని లేపావో నాకక్కర్లేదు. అక్కడ ఎవడూ ఎవడికీ సలాం చెప్పడు. చెరుకులో కాల్చినా ఛీ అనేవాణ్ణి గానీ, నీ చేతి అన్నం తినేవాణ్ణి. వాడు నీకు తల ఇచ్చాడురా. నమ్మి వంచాడు. నేను మీకు నేర్పిన మొదటి పాఠం అదేగా, కర్ర పట్టడం కంటే ముందు."

ఖినావీ చెయ్యి పట్టుకోబోతే తాత వెనక్కి లాక్కున్నాడు. లాక్కున్నందుకు ఆయనే సిగ్గుపడి, ఏదో సర్దుకోవడానికన్నట్టు తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం తల్లి పెరట్లో రొట్టెల పిండి తట్టి పొంగడానికి పలకల మీద పరుస్తోంది. ఖినావీ వెళ్ళి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆమే అడిగింది, పిండి మీదనించి కళ్ళెత్తకుండా.

"ఊరికి చెప్పేది ఊరికి చెప్పు. నాకు చెప్పు. జారిందా, చంపావా? జారిందంటే నా హాషిమ్‌కి నేను పందిరి వెయ్యను. చేతులు నావి కాదన్నవాడి పనికి పందిరేంటి?"

"చంపానమ్మా."

ఆమె చేతులు ఒక్క క్షణం ఆగాయి. ఇన్నేళ్ళకి ఆ మొహంలో ఏదో వెలుగు లాంటిది వచ్చింది. "నా తండ్రే. ఎలా?"

అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది. "ముందు వాడి కర్రే నా తలకి తగిలింది. ఆపాడు. నాకు మేలు కోరాడు. తల వంచి సలాం చెప్పాడు. అప్పుడు కొట్టాను."

పిండి ముద్ద ఆమె అరచేతిలో అలాగే ఉండిపోయింది. ఎంతోసేపటికి దాన్ని పలక మీద పెట్టి, వేళ్ళతో నెమ్మదిగా, గుండ్రంగా తట్టింది. వెలుగు పోయింది. అసలు వచ్చిందా అన్నట్టు పోయింది.

"ఇంకెవరికన్నా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. రేపు జారిందనే చెప్పు. నేను కన్నది ఇట్లాంటోణ్ణని వాళ్ళకెందుకు తెలియాలి?"

"మరి పందిరి?"

"వేస్తా. వెయ్యకపోతే అడుగుతారుగా, ఎందుకని."

శుక్రవారం నమాజు అయ్యాక ఖినావీ కాళ్ళకి చెప్పుల్లేకుండా, తలపాగా లేకుండా, రెండు ముంజేతుల మీద మడత పెట్టిన తెల్ల కఫన్ మోసుకుని బయల్దేరాడు. తన కఫన్ తనే మోసుకుని శత్రువు గుమ్మానికి వెళ్ళడం మా వైపు అన్నిటికంటే పెద్ద వంగడం. ఇదిగో నేను చచ్చినవాణ్ణే, పాతిపెడతారో వదిలేస్తారో మీ ఇష్టం అని. దారి పొడుగునా ఇటూ అటూ జనం. అరుగుల మీద, గోడల మీద. నవ్వినవాళ్ళు లేరు. కొందరు మగాళ్ళు గుండె మీద చెయ్యి కూడా పెట్టుకున్నారు. ఆ గౌరవం అతనికి కాళ్ళ కింది ఎండ కంటే ఎక్కువ కాలింది. శత్రువు గుమ్మానికి ఒట్టి తలతో వెళుతున్న ధైర్యవంతుణ్ణి చూస్తున్నారు వాళ్ళు. అతని చేతుల్లో ఉన్నది కఫన్. నోట్లో సిద్ధంగా ఉన్నది అబద్ధం.

అక్కడ పొగ, ఇక్కడ దుమ్ము, అనుకున్నాడు నడుస్తూ. రెండుచోట్లా ఎవరో ఒకరు ముందే దుప్పటి పట్టుకుని నిలబడ్డారు.

షాజ్లీ వాళ్ళ వాకిట్లో డేరా. మధ్యలో బల్ల, బల్ల మీద ఖురాన్. పక్కన కాళ్ళు కట్టిన గొర్రె. రెండిళ్ళ మగాళ్ళు ఎదురెదురుగా బెంచీల మీద. దర్దీర్ తాత ఒక మూల. మేడ మీద నల్లగుడ్డల్లో ఆడవాళ్ళు, పిట్టగోడ వెనక. వాళ్ళల్లో నజియ్యా ఎవరో ఖినావీకి వెంటనే తెలిసింది. పిట్టగోడ మీదికి వంగి ఉన్నది ఆమె ఒక్కతే.

హాజీ వహ్దాన్ ఎదురొచ్చాడు. నడుం వంగిన ముసలాయన. తన కొడుకు జైల్లో పోయాడు, తమ్ముడి కొడుకు గిరిలో పోయాడు. ఖినావీ మోకాళ్ళ మీద కూచుని కఫన్ ఎత్తి పట్టాడు. ముసలాయన రెండు చేతులూ దాని మీద పెట్టాడు గానీ తీసుకోలేదు.

ఉమ్దా గొంతు సవరించుకున్నాడు. "ఖినావీ జాద్, దేవుడి గ్రంథం మీద చెయ్యి పెట్టి చెప్పు. ఆ రోజు ఏం జరిగింది?"

ఖినావీ చెయ్యి బల్ల దాకా వెళ్ళింది. అట్ట చల్లగా తగిలింది. బద్రీ ముందు వరసలో కూచుని, అతని తరఫున తనే ఆ మాట నోట్లో పలుకుతున్నట్టు పెదాలు కదిలిస్తున్నాడు.

హాజీ వహ్దాన్ వంగి, కఫన్ మీదుగా, దాదాపు బతిమాలుతున్నట్టు అన్నాడు. "చూశానురా నీ మొహం. ఏదో అనబోతున్నావు. అనకు. నాకింకా బతికున్న కొడుకులున్నారు. నువ్వు అంటే రేపు వాళ్ళ చేతికి నేనే తుపాకీ ఇవ్వాలి. నీ కాళ్ళు పట్టుకుంటా. జారిందను."

చంపినవాడి కాళ్ళు పట్టుకుంటానన్నాడు ముసలాయన. అంతకంటే దిగడానికి ఇంక మెట్టు లేదు. ఖినావీ నోరు తెరిచాడు. జారింది, అందామనే తెరిచాడు. తాత భయం, తల్లి పిండి ముద్ద, ఈ ముసలాయన కొడుకులు, అందరూ అదే మాట అడుగుతున్నారు. అడగనిది పైన వంగి ఉన్న ఆ ఒక్క మనిషి. ఆమెకి కావలసింది రక్తం కాదు. పిచ్చుక అంత బరువున్న తాకిడి.

"ముందు తగిలింది రిద్వాన్ కర్ర!" అన్నాడు. మళ్ళీ గట్టిగా, మేడ దాకా వినపడేలా అరిచాడు. "నా తల మీద ఆపాడు. గెలిచాడు. సలాం చెప్పాడు. నేను—"

"అల్ ఫాతిహా!" అని ఉమ్దా కేకేశాడు.

వంద గొంతులు ఒక్కసారి లేచాయి. రెండిళ్ళవాళ్ళూ అరచేతులు తెరిచి, ఎన్నడూ లేనంత గట్టిగా ప్రార్థన చదివారు. ఖినావీ ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. పెదాల కదలిక తప్ప ఏం వినపడలేదు. ఎవడో కఫన్ అతని చేతుల్లోంచి లాగేశాడు. గొర్రె మెడ తెగింది. "దుఃఖం మనిషి మతి పోగొట్టేసింది," అన్నాడు ఉమ్దా పక్కవాళ్ళతో, ఆమీన్ అంటూనే. "జారిందనే చెప్పాడు. విన్నారుగా?" విన్నాం, అన్నారు. ప్రాణాలు దక్కించుకున్నవాళ్ళ మొహాలు అవి.

ప్రార్థన చివరి ముక్కలు ఇంకా గాలిలో ఉండగానే పై నించి వచ్చింది ఆ కేక.

జగ్రూదా. సన్నగా మొదలై, పదునెక్కి, ఆగకుండా. నజియ్యా పిట్టగోడ మీద చేతులానించి, తల వెనక్కి వేసి, మగాడు గిరిలో గెలిచినప్పుడు ఇంటి ఆడది ఎత్తుకునే కేక ఎత్తుకుంది. ఆ రోజు నోట్లో ఆగిపోయిన కేక అది. ఊపిరి అందక ఆగి, మళ్ళీ అందుకుంది.

డేరా కింద మగాళ్ళు బిత్తరపోయారు. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకుని తేలికపడ్డారు.

"చూశావా అన్నా," బద్రీ ఖినావీ భుజం చరిచాడు. "ముండమోసింది కూడా సంధికి సంతోషపడుతోంది. ఇంకేం కావాలి నీకు?"

మూలన దర్దీర్ తాత లేచాడు. కర్ర చివర నేలకి ఆనించి, మేడ వైపు తల వంచాడు. ఎవరూ గమనించలేదు.

ఖినావీ కాసేపు అలాగే మోకాళ్ళ మీద ఉన్నాడు. ఎవరైనా వచ్చి కాలర్ పట్టుకుంటారని. హాజీ వహ్దాన్ అయినా. పైనున్న ఆ మనిషి ఒక రాయి అయినా విసురుతుందని. ఎవరూ రాలేదు. గొర్రె నెత్తురు పారి వచ్చి అతని మోకాలి గుడ్డని తడిపింది. భోజనాలకి పిలుస్తున్నారు. నజియ్యా కేక ఆపి, తలగుడ్డ సర్దుకుని లోపలికి వెళ్ళిపోయింది. అతని వంక చూడనే లేదు.

సాయంత్రానికి జాద్ వాళ్ళ వీధిలో పందిరి లేచింది. ఎన్నో ఏళ్ళు ఆగిన పరామర్శ. తల్లి లోపల ఆడవాళ్ళ మధ్య గోడకి ఆనుకుని కూచుంది. పక్క ఊళ్ళ నించి కూడా జనం వచ్చారు. షాజ్లీ వాళ్ళు కూడా వచ్చారు. పందిరి గుమ్మంలో ఖినావీ మొదటివాడిగా నిలబడ్డాడు. చచ్చినవాడి తమ్ముడు కాబట్టి అక్కడే నిలబడాలి. వచ్చిన ప్రతి మగాడూ అతని కుడిచెయ్యి, ఆ చెయ్యే, తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. తీసుకుని, పరామర్శలో మా వైపు అనే మాటే అన్నాడు.

"దేవుడు నీకు మేలు చెయ్యాలి."

బదులుగా "నీక్కూడా" అనాలి. మొదటివాడికి అనలేకపోయాడు. రెండోవాడికీ అనలేకపోయాడు. దుఃఖం అనుకుని వాళ్ళు అతని భుజం నిమిరి లోపలికి వెళ్ళారు. వరస వీధి మలుపు దాటి ఉంది.